అజ్ఞాతంలో ఫస్ట్ ర్యాంకు

సిలబస్‌లోంచి తీసేసిన పాఠం మీద పిల్లలకి అన్ని సందేహాలు ఎందుకొస్తున్నాయో డైరెక్టర్ పురుషోత్తం గారికి మొదట అర్థం కాలేదు.

బైపాస్ రోడ్డు పక్కనున్న ఆ రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీలో పిల్లలకి తలా ఒక ట్యాబ్ ఇచ్చారు. అందులో ఆటలు రావు, పాటలు రావు, ఇంటికి ఫోన్ కలవదు. పాఠాలుంటాయి, పరీక్షలుంటాయి, ప్రతి పాఠం కిందా 'డౌట్స్' అని ఒక గడి ఉంటుంది. అడగడానికి సిగ్గుపడే పిల్లలు పేరు లేకుండా అడగొచ్చని ఆ గడి పెట్టించారు. ఆ ఏడాది ఫిజిక్సులో ఒక పాఠాన్ని సిలబస్‌లోంచి తీసేశారు, ట్యాబ్‌లో మాత్రం అది అలాగే ఉండిపోయింది. తీసేసిన పాఠాన్ని తెరిచి చూసే లెక్చరర్ ఆ కాలేజీలో లేడు. చూస్తే టైం వేస్టు చేసినట్టు లెక్క. ఆ సంగతి పిల్లలు కనిపెట్టారు. ఒక్కొక్కరే వెళ్లి ఆ పాఠం కింద కూర్చున్నారు.

నెలాఖరు రిపోర్టులో ఆ ఒక్క పాఠం కింది డౌట్స్ మిగతా సబ్జెక్టులన్నీ కలిపినా అందనంత ఉన్నాయి. పురుషోత్తం గారు సంతోషించి ఫిజిక్స్ హెడ్డుని పిలిచి భుజం తట్టారు. ఆ తర్వాత కూర్చుని చదివారు. చదివాక లెక్చరర్లందరినీ కాన్ఫరెన్స్ హాల్‌కి రమ్మన్నారు.

ఆ పిలుపు అందినప్పుడు అరుంధతి క్లాసులో ఉంది. ఆవిడ తెలుగు లెక్చరర్. మార్కులు బాగా పడతాయని పిల్లలంతా సంస్కృతం తీసుకుంటారు కాబట్టి ఆవిడ క్లాసు రెండు బెంచీల్లో సరిపోతుంది. పని తక్కువని మిగతా పనులన్నీ ఆవిడకే ఇచ్చారు. వార్షికోత్సవానికి స్వాగత పద్యం రాయించడం, ముఖ్య అతిథి శాలువా కొనుక్కురావడం, అమ్మాయిల హాస్టల్లో రెండో అంతస్తు చూసుకోవడం. అక్కడే ఒక గదిలో ఉంటుంది కూడా.

కాన్ఫరెన్స్ హాల్లో డీన్ గంగరాజు గారు పిల్లలు రాసినవి ఒక్కొక్కటే చదివారు. సాంబారులో ముక్క దొరికిన వాళ్లు చెయ్యెత్తాలని ఒకరు రాశారు. కెమిస్ట్రీ సార్ ప్రతి బ్యాచ్‌కీ అదే జోకు అదే చోట వేస్తారని, మా అక్క బ్యాచ్‌లోనూ అక్కడే వేశారని ఇంకొకరు. మా గేదె ఈనింది, దూడకి పేరు కావాలి అని ఒకరు అడిగితే, దానికి జవాబులు పేజీలకి పేజీలు వచ్చాయి. సగం మంది డీన్ గారి పేరే సూచించారు. అది మాత్రం ఆయన చదవకుండా పేజీ తిప్పారు.

ప్రతిదీ విన్నాక పురుషోత్తం గారు ఒకటే ప్రశ్న వేశారు.

"ఎవరు రాశారు?"

"తెలియదు సార్. అజ్ఞాతం."

గంగరాజు గారు తర్వాతది చదివారు. "అమ్మాయిల హాస్టల్, రెండో అంతస్తు, చివరి బాత్రూమ్. తలుపుకి గడియ లేదు."

అరుంధతి తలెత్తింది. ఈ ఏడాది కాలేజీ తెరిచినప్పటి నుంచీ ఆవిడ ఈ ముక్క వార్డెన్‌కి చెబుతూనే ఉంది. కార్పెంటర్ సత్యం ఖాళీగా లేడని వార్డెన్ అంటోంది. సత్యం ర్యాంకుల ఫ్లెక్సీలకి ఫ్రేములు కొడుతున్నాడు. ఈ ఏడాది ఫ్రేములు అయిపోగానే వచ్చే ఏడాదివి మొదలుపెడతాడు. ఆ అంతస్తులో మిగతా బాత్రూముల దగ్గర పొద్దున్నే క్యూ ఉంటుంది. చివరిదానికి వెళ్లాలంటే ఇద్దరు వెళ్లాలి, ఒకరు లోపల, ఒకరు బయట తలుపు పట్టుకుని. ఇద్దరూ కలిసి స్టడీ అవర్‌కి ఆలస్యమవుతారు, ఇద్దరూ కలిసి వరండాలో నిలబడతారు.

"ఎవరు రాశారు?" అన్నారు పురుషోత్తం గారు.

అరుంధతి లేచింది. "ఎవరు రాసినా గడియ లేదు సార్."

"అది వేరే అంశం మేడమ్. పేరు లేని మాట మీద చర్య తీసుకుంటే, రేపు పేరున్న మాటకి విలువేముంటుంది?"

హాల్లో అందరూ తలలూపారు. ఆ డౌట్స్ గడి మూయించేద్దామని మ్యాథ్స్ హెడ్డు సలహా ఇచ్చాడు. పురుషోత్తం గారు ఒప్పుకోలేదు. మూస్తే ఇంకో తీసేసిన పాఠంలోకి పోతారన్నారు. ఆయన ఈ కాలేజీని రేకుల షెడ్డులో మొదలుపెట్టి పదహారు బ్రాంచీలు చేసింది ఒకే సూత్రం మీద. పిల్లలు ఏ పని దొంగచాటుగా చేస్తున్నారో దాన్ని టైంటేబుల్లో పెట్టేయడమే ఆ సూత్రం. క్లాసులో నిద్రపోతున్నారని తెలిసినప్పుడు మధ్యాహ్నం పావుగంట నిద్ర పీరియడ్ పెట్టారు. అప్పటి నుంచి ఆ పావుగంటా ఎవరికీ నిద్ర పట్టడం లేదు. నవ్వుకుంటున్నారని తెలిసి శనివారం నవ్వుల క్లాసు పెట్టారు. కాలేజీలో నవ్వు ఆగిపోయింది.

"పేరు లేకుండా మాట్లాడాలని పిల్లలకి కోరిక ఉంది. మంచిది. మనం నేర్పిద్దాం. మన దగ్గర నేర్పనిదంటూ ఉండకూడదు." ఆయన లెక్చరర్లందరినీ ఒకసారి చూశారు. "ఎవరికి పీరియడ్లు తక్కువున్నాయి?"

అందరూ అరుంధతి వైపు తిరిగారు.

మర్నాడు సర్క్యులర్ వచ్చింది. విద్యార్థినీ విద్యార్థుల యందు నిగూఢముగా నున్న అజ్ఞాత నైపుణ్యములను శాస్త్రీయ పద్ధతిలో వెలికితీయు నిమిత్తము 'అజ్ఞాత అభివ్యక్తి' అను నూతన విభాగము ప్రారంభించబడినదని, నమోదు చేసుకున్న వారు మాత్రమే అజ్ఞాతులుగా గుర్తించబడుదురని, నమోదు కాని అజ్ఞాతము క్రమశిక్షణా రాహిత్యముగా పరిగణించబడునని అందులో ఉంది. నమోదుకి రెండు ఫొటోలు, తండ్రి సంతకం తేవాలి. అందరికీ అజ్ఞాత కార్డులు అచ్చు వేయించారు. కార్డు మీద ఫొటో, పేరు, సెక్షను, బ్లడ్ గ్రూపు ఉన్నాయి. పైన ఎర్ర అక్షరాలతో 'అజ్ఞాత' అని ఉంది. సాయంత్రం అయిదు నుంచి ఆరు దాకా దాన్ని మెడలో వేసుకుని, స్టడీ హాల్లో కూర్చుని, ఎవరి సీట్లో వాళ్లు, లెక్చరర్ల పర్యవేక్షణలో, అజ్ఞాతంగా అభిప్రాయాలు రాయాలి.

మొదటి వారం ఎవరూ ఏమీ రాయలేదు. ఒక అబ్బాయి మాత్రం 'అంతా బాగుంది' అని రాసి, భయమేసి కొట్టేశాడు.

పిల్లలు వెనకబడ్డారని పురుషోత్తం గారు నిర్ణయించారు. వెనకబడితే ఏం చేయాలో ఆ కాలేజీకి తెలుసు. అజ్ఞాత అభివ్యక్తికి వీక్లీ టెస్టు పెట్టారు. ప్రశ్నపత్రం డీన్ గారు తయారు చేశారు. 'మీ కళాశాలయందలి ఏదేని ఒక లోపమును గూర్చి అజ్ఞాతముగా ఫిర్యాదు చేయుము. హాల్ టికెట్ నంబరు స్పష్టముగా రాయని వారి అజ్ఞాతము దిద్దబడదు.'

టెస్టు పెట్టాక మెటీరియల్ కావాలి. మెటీరియల్‌కి మాదిరి జవాబు కావాలి. నిపుణుల కమిటీ పాత డౌట్స్ గడి అంతా వెతికి, గడియ లేని తలుపు దగ్గర ఆగింది. స్థలం ఉంది, వస్తువు ఉంది, లోపం ఉంది, ఎవరినీ పేరు పెట్టి అనలేదు, ఒక్క మాట ఎక్కువ లేదు. గంగరాజు గారు దాన్ని అయిదు మార్కుల జవాబుగా ప్రకటించారు. స్థలానికి రెండు, వస్తువుకి ఒకటి, లోపానికి రెండు. అది అచ్చయి పదహారు బ్రాంచీలకీ వెళ్లింది.

ఆ వారం నుంచి పొద్దున్నే స్టడీ అవర్లో పిల్లలు ఊగుతూ బట్టీ పట్టడం మొదలుపెట్టారు. అమ్మాయిల హాస్టల్, రెండో అంతస్తు, చివరి బాత్రూమ్, తలుపుకి గడియ లేదు. అబ్బాయిల క్యాంపస్‌లో కూడా అదే. పై అంతస్తే లేని బ్రాంచీల్లో కూడా అదే. పేపర్లు దిద్దడానికి అరుంధతి దగ్గరికి కట్టలు వచ్చేవి. అన్నిట్లో అదే తలుపు. అన్నిటికీ అయిదుకి అయిదు.

మార్కులు వచ్చాక ర్యాంకులు వచ్చాయి. అజ్ఞాతంలో అన్ని బ్రాంచీలకీ ఫస్ట్ వచ్చినవాడు అబ్బాయిల క్యాంపస్‌లో కోడూరి తరుణ్ తేజ. చేతిరాత బాగుందని వాడికి మొదటి స్థానం ఇచ్చారు. వాడెప్పుడూ అమ్మాయిల హాస్టల్ రెండో అంతస్తులో అడుగు పెట్టలేదని విచారించి తేల్చుకున్నాకే బైపాస్ మీద ఫ్లెక్సీ కట్టారు. అందులో వాడి ఫొటో, ఇంటి పేరుతో సహా పేరు, తండ్రి పేరు, ఊరు ఉన్నాయి. పైన 'అజ్ఞాతంలో అగ్రగామి' అని రాశారు. ఫ్రేము సత్యం కొట్టాడు.

అరుంధతి డైరెక్టర్ గారి గదికి వెళ్లింది. ఫ్లెక్సీ బాగుందని చెప్పింది. ఇప్పుడు సత్యం ఖాళీ అయ్యాడు కాబట్టి ఆ తలుపుకి గడియ వేయిద్దామంది.

పురుషోత్తం గారు ఆవిడని కూర్చోమన్నారు. టీ తెప్పించారు. ఆ కాలేజీలో లెక్చరర్‌కి టీ తెప్పించారంటే కాదని చెప్పబోతున్నారన్నమాట.

"మేడమ్, మీరు సాహిత్యం మనిషి. మీకు చెప్పక్కర్లేదు. మెటీరియల్ అన్ని బ్రాంచీలకీ వెళ్లిపోయింది. పిల్లలు ప్రిపేర్ అయ్యారు. ఈ టైంలో గడియ పెడితే మన జవాబు తప్పయిపోదా?"

"తలుపు బాగవుతుంది కదా సార్."

"ఒక్క తలుపు బాగవుతుంది. ఇన్ని వేలమంది పిల్లల మార్కులు ఏం కావాలి? పేరెంట్స్‌కి నేనేం చెప్పుకోవాలి?" ఆయన బాధగానే అన్నారు. "పరీక్షలయ్యాక చూద్దాం. అప్పటిదాకా ఆ తలుపుని ఎవరూ ముట్టుకోకుండా చూడండి. మీ బాధ్యత."

ఆవిడ హాస్టల్‌కి తిరిగి వచ్చేసరికి ఆ బాత్రూమ్ పక్కన గోడకి 'మాదిరి ఫిర్యాదు స్థలం' అని బోర్డు కొట్టి ఉంది. అది కొట్టడానికి సత్యం ఖాళీ అయ్యాడు.

ఇంత జరుగుతుండగా ఒక అమ్మాయి మాత్రం టెస్టులో వరసగా రెండేసి మార్కులే తెచ్చుకుంటోంది. పేరు తాడి ఝాన్సీ. చింతలపూడి దగ్గర పల్లె. ఆలస్యంగా చేరింది, జట్టు ఇంకా కుదరలేదు. బాత్రూమ్ తలుపు పట్టుకోమని అడిగేంత చనువు ఎవరి దగ్గరా లేదు. ఆమె పేపర్లో ఇలా రాసింది. 'నీళ్ల బకెట్ అడ్డం పెట్టుకుంటున్నాను. తలుపు తోస్తే బకెట్ జరిగిపోతోంది. ఎప్పుడు తోస్తారో అని చూస్తూ ఉంటాను.' స్థలం రాయలేదు కాబట్టి రెండు మార్కులు పోయాయి. సొంత వాక్యాలకి ఒకటి పోయింది. జవాబుల కీ ప్రకారం అరుంధతే కొట్టేయాల్సి వచ్చింది. ఎర్ర పెన్ను చేతిలో పట్టుకుని ఆవిడ ఆ పేపరు ముందు చాలాసేపు కూర్చుంది. పాత గడిలో మొదట రాసింది ఈ పిల్లేనా అనిపించింది. కావచ్చు, కాకపోవచ్చు. ఆ అంతస్తులో ఎవరైనా రాసుండొచ్చు.

ఆదివారం పేరెంట్స్ వచ్చినప్పుడు ఝాన్సీ నాన్న ప్రోగ్రెస్ కార్డు పట్టుకుని అరుంధతి దగ్గరికి వచ్చాడు. చేతిలో ఇంటి నుంచి తెచ్చిన మజ్జిగ సీసా ఉంది.

"లెక్కల్లో బాగానే ఉందన్నారండి. ఈ అజ్ఞాతంలోనే ఎనకబడిందంట. ట్యూషనేవైనా పెట్టించమంటారా?"

"తెలివికేం లోటు లేదండి. సొంతంగా రాస్తోంది, అంతే."

ఆయన కూతురి వైపు తిరిగాడు. "ఎందుకమ్మా నీకు సొంతంగా రాయడం? మేడమ్ గారు ఇచ్చింది రాయొచ్చు కదా." ఆమె తల దించుకుంది. మజ్జిగ తాగమని ఆయన సీసా మూత తీసి ఇచ్చాడు. తర్వాత తాగుతానంది. ఆయన బస్సెక్కి వెళ్లిపోయాక ఆ సీసా తీసుకెళ్లి మెస్సులో ఎవరికో ఇచ్చేసింది.

ఆ వారంలోనే ఝాన్సీకి జ్వరం వచ్చింది. సిక్ రూమ్‌లో నర్సు చూసి, ఇది నీళ్లు తాగక వచ్చిన మూత్రం మంట అంది. రోజూ పెద్ద బాటిల్ నీళ్లు తాగాలని చెప్పి మాత్రలిచ్చింది. అరుంధతి బాటిల్ నింపి మంచం దగ్గర పెట్టింది. మెస్సులో ఈ పిల్ల గ్లాసు ఎప్పుడూ బోర్లించే ఉంటుందని అప్పుడు గుర్తొచ్చింది.

"నీళ్లు ఎందుకు తాగవమ్మా?"

ఝాన్సీ గోడ వైపు చూస్తూ చెప్పింది. "తాగితే వెళ్లాలి కదా మేడమ్."

మళ్లీ ఆదివారం అరుంధతి బజారుకి వెళ్లింది. హార్డ్‌వేర్ షాపతను గడియ బయట వైపుకా, లోపల వైపుకా అని అడిగాడు. లోపల వైపుకి అంది. బయటిదైతే తాళం వేసుకునే సదుపాయం ఉంటుందని, చాలా కాలేజీల వాళ్లు అదే తీసుకెళ్తారని అతను చెప్పాడు. అక్కర్లేదంది. ఒక స్క్రూడ్రైవర్ కూడా తీసుకుంది. పిల్లలంతా కింద పేరెంట్స్ దగ్గర ఉన్న వేళ రెండో అంతస్తుకి వచ్చి, చీర కొంగు దోపుకుని, గడియ బిగించింది. ఒక స్క్రూ వంకరగా దిగింది. వేసి చూసింది. పడింది. తీసి మళ్లీ వేసింది. ఎవరికీ చెప్పలేదు.

సోమవారం పొద్దున ఆ అంతస్తులో ఎవరూ స్టడీ అవర్‌కి ఆలస్యం కాలేదు. ఆ మార్పుని ముందు గమనించింది అటెండెన్స్ చూసే కంప్యూటర్. అది వార్డెన్‌కి చెప్పింది. వార్డెన్ వెళ్లి తలుపు చూసి డీన్‌కి చెప్పింది. పదిగంటలకల్లా కాన్ఫరెన్స్ హాల్లో ఏసీ వేశారు.

గంగరాజు గారు నిలబడి చదివారు. గుర్తు తెలియని వ్యక్తి లేదా వ్యక్తులు, అజ్ఞాత విభాగమునందు నమోదు కాకుండగనే, మాదిరి ఫిర్యాదు స్థలమునందు అనధికార అజ్ఞాత మరమ్మతునకు పాల్పడినారు. దీని ఫలితముగా అన్ని బ్రాంచీల విద్యార్థుల జవాబు వాస్తవ దూరమైనది.

"గురువారం పదహారు బ్రాంచీల ప్రిన్సిపాళ్లూ ఆ తలుపు చూడ్డానికి వస్తున్నారు," అన్నారు పురుషోత్తం గారు. ఆయన గొంతు దించారు. "వాళ్లకి ఏం చూపిస్తాం? గడియ ఉన్న తలుపు ఎవరింట్లోనైనా ఉంటుంది."

ఫ్లెక్సీ మీద ఉన్న కుర్రాడి గతేమిటని మ్యాథ్స్ హెడ్డు అడిగాడు. ఆ జవాబు రాసినప్పుడు అది నిజమే కదా అని ఎవరో అన్నారు. అలా ఒప్పుకుంటే మార్కులకి కాలదోషం పడుతుందని, రేపు ఫిజిక్స్ వాళ్లు కూడా అదే అంటారని డీన్ గారు హెచ్చరించారు. ఫిజిక్స్ హెడ్డు నొచ్చుకున్నాడు. చివరికి రెండు తీర్మానాలు చేశారు. గురువారంలోగా గడియ ఊడదీయాలి. ఎవరు బిగించారో కనుక్కోవాలి. కనుక్కునే పని, ఆ విభాగం ఇన్‌చార్జి కాబట్టి, అరుంధతికి ఇచ్చారు. ఆవిడ ఉద్యోగం మార్చిలో రెన్యువల్‌కి వస్తుందన్న సంగతి కూడా పురుషోత్తం గారు ప్రేమగానే గుర్తుచేశారు.

ఆవిడ విచారణ జరిపింది. రెండో అంతస్తు పిల్లల్ని పిలిచి, గడియ ఎవరు పెట్టారో తెలుసా అని అడిగింది. వాళ్లు ఆవిడ బొటనవేలికి చుట్టి ఉన్న ప్లాస్టర్ వైపు చూశారు. ఆ తర్వాత కిటికీ వైపు చూశారు. తెలియదు మేడమ్ అన్నారు. అందరూ ఒకే మాట చెప్పారని ఆవిడ డీన్‌కి చెప్పింది. మెటీరియల్ ఎవరిచ్చారని ఆయన అడిగారు.

బుధవారం సాయంత్రం సత్యాన్ని ఫ్రేముల దగ్గర్నుంచి లేపి తీసుకొచ్చారు. అమ్మాయిల అంతస్తులోకి మగవాళ్లు చూడకూడదని నియమం ఉంది. ఆ నియమం పెట్టింది పురుషోత్తం గారే. కాబట్టి ఆయన మెట్ల మలుపు దగ్గర గోడకి ముఖం పెట్టి నిలబడ్డారు. గంగరాజు గారు పక్కనే అదే గోడకి ముఖం పెట్టారు. సత్యం సంచి భుజాన వేసుకుని మూడో మనిషిగా నిలబడ్డాడు. గోడకి ఆనించి నిలబెట్టిన ఫ్లెక్సీలలా ఉన్నారు ముగ్గురూ. అరుంధతి మెట్ల దగ్గర ఉంది. బాత్రూమ్ ఖాళీగా ఉందని చెబితే సత్యం తల వంచుకుని వెళ్లి గడియ ఊడదీసుకొస్తాడు. ఇదీ పథకం.

వార్డెన్ వెళ్లి తలుపు తోసింది. రాలేదు.

"లోపల గడియ పెట్టుంది సార్," అని అక్కణ్నుంచే చెప్పింది.

"ఎవరున్నారు?" అన్నారు పురుషోత్తం గారు గోడతో.

వార్డెన్ తలుపు కొట్టింది. "ఉన్నాం," అని లోపల్నుంచి వచ్చింది.

"ఎవరు? పేరు చెప్పు. సెక్షన్ చెప్పు."

లోపల కుళాయి తిప్పిన చప్పుడైంది. నీళ్లు బకెట్లో పడుతున్నాయి.

పురుషోత్తం గారు గోడ వైపు నుంచి ముఖం తిప్పకుండానే అరుంధతిని పిలిచారు. ఇరవై నాలుగ్గంటలూ ఆ పిల్లలతోనే ఉంటారు కదా, ఆ గొంతు ఎవరిదో చెప్పమన్నారు. ఆవిడకి ఆ గొంతు తెలుసు. పొద్దున లేపితే ఇంకో అయిదు నిమిషాలు మేడమ్ అని రోజూ అడిగే గొంతు అది.

"తెలియదు సార్," అంది. "తలుపు వేసుంది."

"సరే. వచ్చేదాకా ఆగుదాం. ఎంతసేపుంటుంది?"

ఆగారు. లోపలి అమ్మాయి బయటికి వచ్చింది. వార్డెన్ సత్యాన్ని పిలవడానికి ఇటు తిరిగింది. ఆ తిరిగిన క్షణంలో ఇంకో అమ్మాయి లోపలికి వెళ్లింది. గడియ పడింది.

"ఖాళీ అయిందా?" అన్నారు పురుషోత్తం గారు.

"కాలేదు సార్. ఇంకెవరో వెళ్లారు."

"ఎవరు?"

"చూళ్లేదు సార్."

అప్పటికి వరండాలో క్యూ మొదలైంది. ఎవరూ పిలవలేదు. గదుల్లోంచి ఒక్కొక్కరే బకెట్ తీసుకుని, టవల్ భుజాన వేసుకుని వచ్చి నిలబడుతున్నారు. మిగతా బాత్రూములు ఖాళీగా ఉన్నాయి, తలుపులు తెరిచే ఉన్నాయి. వాటి వైపు ఎవరూ చూడటం లేదు. అయిదైంది. అజ్ఞాత అభివ్యక్తికి బెల్ మోగింది. మెడలో కార్డు వేసుకుని స్టడీ హాల్‌కి వెళ్లాల్సిన వేళ. క్యూ కదల్లేదు.

సత్యం సంచి దించి మెట్టు మీద కూర్చున్నాడు. ఇప్పుడప్పుడే అయ్యేటట్టు లేదు సార్, ఈలోపు ఒక ఫ్రేము అయినా కొట్టుకొచ్చేవాణ్ని అన్నాడు. గంగరాజు గారికి మెడ పట్టేసింది.

"మేడమ్, క్యూలో ఎవరెవరున్నారో పేర్లు చెప్పండి," అన్నారు పురుషోత్తం గారు.

అరుంధతి వరండా ఆ చివరి దాకా చూసింది.

"అందరూ ఉన్నారు సార్."

క్యూ చివర ఝాన్సీ నిలబడి ఉంది. తన వంతు రావడానికి చాలా సేపు పట్టేలా ఉంది. చేతిలో సిక్ రూమ్ బాటిల్ ఉంది. మూత తీసి, తల పైకెత్తి, నీళ్లు తాగుతోంది.